దిగరాదన్న మాట

విద్యార్థి మిత్రులకు, కళాశాల పాలకవర్గ సభ్యులకు ముందుగా ఒక మనవి. పద్యపాఠం చెప్పుకొనే తెలుగు ఉపన్యాసకుడు విమానాలను గురించి వ్రాయబూనడం చూచి మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నా నాకు అభ్యంతరం లేదు. విమానం నడపడం నాకు తెలియదు. కాని నేనిక్కడ చర్చింపదలచినది విమానం నడిపే విద్య కాదు. ఆ విద్యలోని ఒకే ఒక నియమం, ఆ నియమంలోని మాటలు. మాటల సంగతి కనుక నాకు కొంత అధికారం ఉన్నదనుకొంటున్నాను.

ఒక జనవరి నెలలో ఉమ్రా ముగించుకొని హైదరాబాదు మీదుగా వస్తున్న మా మామూజాన్‌ను తీసికొని రావడానికి తెల్లవారకముందే పొన్నూరులో బయలుదేరి, తెనాలి, విజయవాడల మీదుగా గన్నవరం చేరుకొన్నాము. దారి పొడుగునా మంచు. కాలువల మీద, మాగాణి చేల మీద పరచుకొన్న ఆ తెల్లదనంలో ముందుపోయే లారీ వెనుక దీపాలు తప్ప మరేమీ కనబడలేదు. విమానాశ్రయం వెలుపల మావంటివారు ఒక యాభైమంది నిలుచుని ఉండగా తలపైన విమానం చప్పుడు వినవచ్చింది. దగ్గరకు వచ్చింది, మరీ దగ్గరకు వచ్చింది. పిల్లలు "దిగింది, దిగింది" అని కేకలు వేశారు. అంతలోనే ఆ చప్పుడు ఉధృతమై పైపైకి పోయి మంచులో కలిసిపోయింది. కొంతసేపటికి ఇంకొకసారి అట్లే జరిగింది. ఆ తరువాత విమానం తిరిగి హైదరాబాదు వెళ్లిపోయినదని తెలిసింది. అక్కడ నిలుచున్నవారిలో పైలటును తిట్టనివారు తక్కువ. "ఇంత దూరం వచ్చినవాడికి ఆ నాలుగడుగులు దిగడానికేం భయమయ్యా?" అన్నారొక పెద్దాయన. నిజం చెప్పవలెనంటే ఆ క్షణాన నాకూ అట్లే తోచింది.

మామూజాన్ సాయంకాలం మరొక విమానంలో క్షేమంగా వచ్చారు. కాని ఆ పెద్దాయన ప్రశ్న నన్ను వదలలేదు. ఆ నాలుగడుగులు ఎందుకు దిగరాదు? దిగరాదని ఎవరు నిర్ణయించారు? ఎప్పుడు నిర్ణయించారు? భౌతికశాస్త్రం బోధించే మిత్రులను అడిగి, కొంత చదివి తెలిసికొన్నదాని సారాంశమిది.

మేఘంలోనో మంచులోనో ఉన్న విమానాన్ని రన్‌వే వద్దకు చేర్చే పద్ధతులు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో నేలమీది యంత్రం రెండు విషయాలు చెపుతుంది: నీవు రన్‌వేకు కుడిగా ఉన్నావా, ఎడమగా ఉన్నావా అన్నది ఒకటి, దిగవలసిన వాలుకు పైన ఉన్నావా, కింద ఉన్నావా అన్నది రెండవది. ఐ.ఎల్.ఎస్. అనే సాధనం ఈ రకానికి చెందినది. రెండవ రకంలో నేలమీది సాధనం కుడి ఎడమలే చెపుతుంది. వి.ఓ.ఆర్. అనే రేడియో స్తంభం అటువంటిది. ఎంత పైన ఉండవలెనో అది చెప్పదు. దూరాన్ని చూచుకొని, పటాన్ని చూచుకొని, ఆల్టిమీటరు ముల్లును చూచుకొని పైలటే లెక్క కట్టుకోవాలి. రన్‌వేకు ఒక నాటికల్ మైలు దూరానికి సుమారు 300 అడుగుల చొప్పున, అనగా మూడు మైళ్ల దూరాన దాదాపు 950 అడుగుల ఎత్తున ఉండవలెనన్నది ఆ లెక్కకు మూలం. ఈ రెండవ రకాన్నే అనిశిత పద్ధతి అంటారు. ఐ.ఎల్.ఎస్. ఉన్నచోట కూడా దాని వాలు చూపే భాగాన్ని మరమ్మతుకై నిలిపివేసిననాడు ఈ పద్ధతే శరణ్యం. 1997 ఆగస్టు 6న గ్వామ్ ద్వీపంలో కొరియన్ ఎయిర్ విమానం కొండను ఢీకొని 228 మంది మరణించిన రాత్రి సరిగ్గా ఆ భాగమే పనిచేయడం లేదు.

ఇట్టి అనిశిత పద్ధతిలో ప్రతి రన్‌వేకు ఒక అంకె ముందుగానే నిర్ణయించి పటంలో అచ్చువేసి ఉంచుతారు. దానిని ఇంగ్లీషు పొడి అక్షరాలలో ఎమ్.డి.ఎ. అంటారు. 'కనిష్ఠ అవరోహణోన్నతి' అని నేను అనువదించుకొన్నాను. నోరు తిరగని మాటే, ఒప్పుకొంటాను. రన్‌వేగాని, దాని దీపాలుగాని, దాని గుర్తులుగాని స్పష్టంగా కంటికి కనబడనంతవరకు ఆ అంకె కిందికి దిగరాదు. నిర్ణీత స్థానం చేరేవరకు ఆ ఉన్నతిలోనే పోయి, అప్పటికీ కనబడకపోతే తిరిగి పైకి లేవవలసినదే. ఆ అంకె ఎవరో తోచి వేసినది కాదు. ఆ దారిలో ఉన్న కొండ, గోపురం, టవరు, చెట్టు, వీటన్నింటిలో ఎత్తయినది ఏదో కొలిచి, దానిపైన కనీసం 75 మీటర్లు, కొన్ని సందర్భాలలో 90 మీటర్లు ఎడం ఉంచి కట్టిన అంకె అది. మా పెద్దాయన చెప్పిన ఆ నాలుగడుగులు ఈ ఎడంలోనివే. ఎడం నేల మీద కూర్చుని ప్రశాంతచిత్తంతో కొలిచినది. దానిని హరించదలచినవాడు మాత్రం ఆకాశంలో, అలసటతో, ఇంటికి చేరవలెనన్న తొందరలో ఉంటాడు.

ఇక్కడ భాషాధ్యాపకునిగా నాకు ముచ్చట గొలిపిన సంగతి ఒకటి ఉన్నది. ఐ.ఎల్.ఎస్. పద్ధతిలోనూ ఇటువంటి అంకె ఉంటుంది. దానికి 'నిర్ణయోన్నతి' అని పేరు. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. కాని అంతర్జాతీయ నిర్వచనాలలోని క్రియాపదాలు చూడండి. నిర్ణయోన్నతి దగ్గర నియమం 'కనబడకపోతే పైకి లేచే పని ఆరంభించవలెను' అంటుంది, అది విధి. కనిష్ఠ అవరోహణోన్నతి దగ్గర నియమం 'కనబడకపోతే దిగరాదు' అంటుంది, అది నిషేధం. భేదం చిన్నది కాదు. వేగంగా దిగుతున్న బరువైన విమానం పైకి లేవబోయేటప్పుడు తిరిగేలోగా కొన్ని అడుగులు కిందికి జారుతుంది. మొదటి పద్ధతిలో ఆ జారుడును లెక్కలో చేర్చియే హద్దు గీశారు. రెండవ దానిలో చేర్చలేదు. కావున ఈ హద్దును ఒక్క అడుగు దాటినా దాటినట్లే. అందుచేతనే పలు విమాన సంస్థలు ఎమ్.డి.ఎ.కు మరొక 50 అడుగులవంటి మొత్తం కలుపుకొని, అక్కడే పైకి లేవడం ఆరంభింపజేస్తాయి. 'వలెను' 'రాదు' అనే రెండు క్రియల మధ్య ఒక యాభై అడుగులు ఉన్నవని వ్యాకరణపాఠంలో చెపితే విద్యార్థులు నమ్మరు.

పూర్వం ఈ దిగడం మెట్ల పద్ధతిలో ఉండేది. మన పల్లెల్లోని దిగుడుబావి మెట్లవలె ఇన్ని మైళ్ల వద్ద ఇంత, ఇన్ని మైళ్ల వద్ద ఇంత అని పటం చెపుతుంది. పైలటు ఒక మెట్టు దిగి సమంగా పోయి, మరొక మెట్టు దిగుతాడు. చీకటిలో దిగుడుబావి దిగినవారికి ఇందులోని ప్రమాదం చెప్పనక్కరలేదు. ఏ మెట్టు మీద ఉన్నామో మరచిపోవడమే ఆ ప్రమాదం. 1992 సెప్టెంబరు 28న కరాచీ నుండి వచ్చిన పాకిస్తాన్ విమానం ఖాట్మండు వద్ద సరిగ్గా ఇట్లే ప్రతి మెట్టు ఒక మెట్టు ముందుగా దిగుతూ పోయి, ఉండవలసిన ఉన్నతికన్నా వెయ్యి అడుగులకు పైగా కిందుగా కొండవాలును తాకింది. 167 మందిలో ఒక్కరూ బ్రతుకలేదు. ఇప్పుడు మెట్ల బదులు ఒకే వాలుగా, నిలకడగా దిగే పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. మంచి మార్పే. అయినా చివరి హద్దు హద్దుగానే ఉన్నది.

ఇక ఆ హద్దును చెప్పే అంకె ఎక్కడినుండి కొలిచినది? నా ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. తెలుగులో మనం అన్నింటికీ 'ఎత్తు' అనే ఒకే మాట వాడుతున్నాము. విమాన విద్యలో రెండు వేరు వేరు మాటలున్నవి: సముద్రమట్టం నుండి కొలిచినది ఒకటి, కాలికింది నేలనుండి కొలిచినది మరొకటి. ఎమ్.డి.ఎ. మొదటి జాతికి చెందినది. పొన్నూరువాసికి ఈ తేడా పట్టదు. బాపట్ల తీరం పక్కనే ఉన్న పల్లపు నేల మనది, సముద్రమట్టమూ మన పొలం గట్టూ ఇంచుమించు ఒకటే. గన్నవరంలోనూ అంతే; అక్కడి నేల సముద్రమట్టానికి నూరడుగుల లోపే ఉన్నది. కాని హైదరాబాదు శంషాబాదు నేలయే సుమారు 2,000 అడుగుల ఉన్నతిలో ఉన్నది. బెంగుళూరు మూడు వేలకు దగ్గరిది. అక్కడ '700' అనే అంకెను నేలనుండి కొలిస్తే విమానం ఆకాశంలో ఉంటుంది. సముద్రమట్టం నుండి కొలిస్తే భూగర్భంలో ఉంటుంది.

ఈ మాట చమత్కారానికి చెప్పినది కాదు. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుండి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-320 విమానం పట్టపగలు, నిర్మలమైన వాతావరణంలో బెంగుళూరు పాత విమానాశ్రయపు రన్‌వేకు ముందే గోల్ఫు మైదానంలో నేలను తాకింది. 146 మందిలో 92 మంది మరణించారు. రన్‌వే వారికి కనబడుతూనే ఉన్నది, కనుక ఎమ్.డి.ఎ. నియమాన్ని మంచులో ఉల్లంఘించిన కథ కాదిది. విమానయంత్రాంగంలో ఇంజన్లు దాదాపు శక్తిహీనమై కేవలం దిగుతూ పోయే స్థితి ఏర్పడింది. ఎందుకు ఏర్పడినదన్నది నిశ్చయంగా తేలలేదు. కాని విచారణలో బలంగా వినవచ్చిన ఊహ ఏమనగా, నిమిషానికి 700 అడుగుల వేగంతో దిగమని చెప్పే మీటను తిప్పబోయి, పక్కనే ఉన్న ఉన్నతి మీటను 700కు తిప్పి ఉండవచ్చునని. అంకె ఒకటే. అర్థాలు రెండు. రెండేళ్లు తిరగకుండానే, 1992 జనవరి 20న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్ వద్ద అనిశిత పద్ధతిలో దిగుతున్న అటువంటి విమానమే 3.3 డిగ్రీల వాలుకు బదులు నిమిషానికి 3,300 అడుగుల వేగంతో దిగి కొండను ఢీకొన్నది. 87 మంది మరణించారు. అక్కడా మీట ఏ అర్థంలో ఉన్నదో గమనించకపోవడమే కారణమని పరిశోధకులు అత్యంత సంభావ్యంగా భావించారు.

ఆ బెంగుళూరు విమానంలో యంత్రం నోరు మూసుకొని లేదని కూడా గమనించండి. నాలుగు వందలు, మూడు వందలు, రెండు వందలు అని అది గట్టిగా చెపుతూనే ఉన్నది. వెంటనే స్పందించలేదన్నదే విచారణ చివరకు తేల్చిన దోషం.

అంకె సరియైనదే, అర్థమూ సరియైనదే అనుకొందాము. ఆల్టిమీటరు మాత్రం నిజం చెపుతుందా? అది నిజానికి ఎత్తును కొలువదు, వాయుపీడనాన్ని కొలిచి దానిని అడుగులుగా మార్చి చూపుతుంది. అందుకై ఆనాటి స్థానిక పీడనాన్ని నేలనుండి అడిగి దానిలో అమర్చాలి. ఒక్క హెక్టోపాస్కల్ తేడా సుమారు 28 అడుగులకు సమానం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిననాటి గాలివాన మనకెవరికీ మరపు రాదు. అటువంటి రోజున పీడనం మామూలుకన్నా 20 హెక్టోపాస్కళ్లు పడిపోయినదనుకోండి; కొత్త అంకెను అమర్చుకోని ఆల్టిమీటరు విమానం ఉన్నదానికన్నా ఐదారు వందల అడుగులు పైన ఉన్నదని చెపుతుంది. హద్దుకు పైననే ఉన్నానని నమ్ముతూ నేలను తాకవచ్చును. 2022 మే 23న పారిస్‌లోని ప్రధాన విమానాశ్రయం వద్ద వర్షంలో దిగుతున్న ఒక ఎ-320 విమానానికి నియంత్రణాధికారి 1001 అని చెప్పవలసిన చోట 1011 అని చెప్పారు. నోరు జారిన ఒక్క అంకె. పైలట్లు దానినే తిరిగి చెప్పారు, దానినే అమర్చుకొన్నారు. ఫలితంగా విమానం రన్‌వేకు ఇంకా సుమారు మైలు దూరాన ఉండగానే నేలకు 6 అడుగుల ఎత్తువరకు వచ్చి, పైకి లేచి బయటపడింది. ఆరడుగులు. మన తరగతి గది తలుపు ఎత్తు కూడా లేదు.

చూచారా, ఇంతవరకు నేను చెప్పిన ప్రతి సంఘటనలోను లోహం విరగలేదు, రెక్క ఊడలేదు. ఒక మాట తప్పుగా పలికారు, లేదా తప్పుగా గ్రహించారు, లేదా పలికినా ఆలకించలేదు. పలుకనే పలుకకపోవడం ఇంకొకటి ఉన్నది. దానిని గురించి చెప్పడానికే ఈ వ్యాసం వ్రాయ సంకల్పించాను.

హద్దు వద్దకు వచ్చేటప్పుడు ఒక పైలటు విమానాన్ని నడుపుతుంటే రెండవవారు ముల్లును చూస్తూ 'ఇంకా నూరడుగులు', 'హద్దు వచ్చింది' అని పైకి అనవలెను. నడిపేవారు దానికి సమాధానం చెప్పవలెను: రన్‌వే కనబడినది, దిగుతున్నాను, లేదా, కనబడలేదు, పైకి పోతున్నాను. అనగా ఆ నియమం పటంలో నిద్రిస్తుంది. ఎవరో పైకి పలికినప్పుడు మాత్రమే మేల్కొంటుంది. పలుకవలసినవారు తరచుగా వయసులో, హోదాలో చిన్నవారు. వినవలసినవారు పెద్దవారు.

2010 జూలై 28న కరాచీ నుండి వచ్చిన ఎయిర్‌బ్లూ విమానం ఇస్లామాబాదు వద్ద వర్షమేఘాలలో, రన్‌వే రెండవ కొస నుండి దిగడానికి చుట్టు తిరుగుతూ మర్గల్లా కొండలను ఢీకొన్నది. 152 మందీ మరణించారు. అట్లా చుట్టు తిరిగేటప్పుడు కూడా ఎమ్.డి.ఎ. ఉంటుంది; కెప్టెను దాని కిందికి దిగారు, తిరుగవలసిన పరిధిని దాటి పోయారు. కొండ వస్తున్నదని యంత్రం పదే పదే హెచ్చరించింది. ఆ విచారణ నివేదికలోని ఒక అంశం చదివి నేను పుస్తకం మూసి కొంతసేపు ఊరక కూర్చున్నాను. ఎంతో అనుభవం కల ఆ కెప్టెను, విమానం ఎక్కినది మొదలు దాదాపు గంటసేపు తన జూనియరును ప్రశ్నలడుగుతూ, అతని పరిజ్ఞానాన్ని పరీక్షిస్తూ, కించపరచే ధోరణిలో పాఠం చెప్పారట. ఆ తరువాత ఆ యువకుడు ఏమీ ఎదురు చెప్పలేదు. చిట్టచివరి క్షణాలలో మాత్రమే, అదీ 'సార్' అని సంబోధిస్తూ, పైకి లేపమని వేడుకొన్నాడు.

దానికి రెండు నెలల ముందే, 2010 మే 22న మంగుళూరులో 158 మంది మరణించారు. అది ఐ.ఎల్.ఎస్. ఉన్న రన్‌వే, అక్కడ విమానం పైననుండి మరీ నిటారుగా, మరీ వేగంగా వచ్చింది, ఎమ్.డి.ఎ. ప్రసక్తి లేదు. కాని అక్కడి సహపైలటు మౌనంగా లేడు. తిరిగి పైకి పోదామని మూడుసార్లు చెప్పినట్లు ధ్వనిముద్రణలో ఉన్నది. మూడుసార్లూ ఆ మాట చెల్లలేదు. ఒకచోట చిన్నవాడు పలుకలేదు, ఒకచోట పలికినా పెద్దవాడు వినలేదు.

ఇది పైలట్ల దోషమేనా? పిల్లవాడు కాక్‌పిట్‌లోనే మౌనం నేర్చుకొంటాడా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరొక ఊరి కళాశాలలో ఉత్పలమాల పాదానికి గణవిభజన చేస్తూ నల్లబల్ల మీద ఒక గురువును లఘువుగా గుర్తించాను. వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, "సార్, అక్కడ సంయుక్తాక్షరం ఉన్నది కదా" అన్నాడు. నిజమే. కాని నేను ఆ క్షణాన అతనిని ఛందస్సు లక్షణాలన్నీ ఒప్పజెప్పమన్నాను. చెప్పలేకపోగా తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ సంవత్సరమంతా ఆ గదిలో మరెవరూ నా తప్పు చూపలేదు. నేను తప్పులు చేయకపోవడం వల్ల కాదు. ఇస్లామాబాదు నివేదిక చదువుతున్నప్పుడు నాకు గుర్తుకు వచ్చినది ఆ కుర్రవాడి ముఖం. నా తప్పు వల్ల ఎవరికీ ప్రాణహాని లేదు, పద్యపాదం ఒకటి కుంటిదైనది, అంతే. కాని ఆ ఏడాది నా వద్ద నోరు మూసుకోవడం నేర్చుకొన్న అరవైమంది ఇప్పుడు ఏ ఆసుపత్రిలో, ఏ రైలు ఇంజనులో, ఏ కర్మాగారంలో ఎవరి పక్కన కూర్చుని ఏమి చూచి ఊరకున్నారో నేను చెప్పలేను.

మర్యాద వేరు, మౌనం వేరు. మన ఇండ్లలో, అటు అదబ్ అన్నా ఇటు వినయమన్నా, పెద్దల ఎదుట తగ్గి ఉండటం ఒక అందం. దానిని పోగొట్టుకొమ్మని నేను అనడం లేదు. 'సార్' అని పిలువవచ్చును. 'మీరు' అనవచ్చును. కాని ముల్లు హద్దును తాకినప్పుడు ఆ మాట మొదటిసారే, స్పష్టంగా, అందరికీ వినబడేట్లు అనాలి. నేడు అనేక విమాన సంస్థలలో ఇద్దరిలో ఎవరు 'పైకి' అన్నా రెండవవారు అంగీకరించి పైకి లేపి తీరవలెననే కట్టుబాటు ఉన్నది. కారణాలు తరువాత చర్చించుకొంటారు. ఇది చిన్నవారికి ఇచ్చిన గొప్ప అధికారం. అట్లే, ఇట్లు తిరిగి లేచినందుకు పైలటును సంజాయిషీ అడుగరాదన్న నీతిని కూడా లోకం క్రమంగా అంగీకరిస్తున్నది.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. తిరిగి పైకి లేవడం ఉచితంగా వచ్చేది కాదు. ఇంధనం ఖర్చు, సమయం ఖర్చు, ఒక్కొక్కప్పుడు కొత్త ప్రమాదం కూడ. మన తెలుగునాట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. 1993 నవంబరు 15న మద్రాసు నుండి హైదరాబాదు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-300 విమానం బేగంపేటలో సరిగా కనబడక దిగకుండా పైకి లేచింది. లేచిన తరువాత రెక్కల వెనుక ఉండే ఫ్లాపులు పూర్తిగా లోపలికి పోక ఇరుక్కున్నవి. అవి బయట ఉంటే గాలి నిరోధం ఎక్కువై ఇంధనం వేగంగా తరుగుతుంది. ఆ స్థితిలోనే తిరిగి మద్రాసుకు బయలుదేరి, అంతవరకు చేరలేక, తిరుపతికి సమీపాన వరిపొలంలో దిగవలసి వచ్చింది. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి, అల్లు రామలింగయ్య ప్రభృతి సినీప్రముఖులు అందులో ఉండటం చేత ఆనాటి పత్రికలు ఆ వార్తతో నిండిపోయినవి. 262 మందిలో ఎవరి ప్రాణానికీ హాని కలుగలేదు.

ఈ కథ చెప్పి, "చూచారా, మొదటిసారే దిగిపోయి ఉంటే ఈ తిప్పలు ఉండేవా?" అనేవారున్నారు. ఆ తర్కం నాకు సమ్మతం కాదు. కనబడని రన్‌వేకై హద్దు దాటి దిగి ఉంటే ఆ 262 మందికి ఏమి జరిగి ఉండేదో చెప్పడానికి పైన చెప్పిన ఊళ్ల పేర్లు చాలు. విమర్శించవలసినది పైకి లేచిన నిర్ణయాన్ని కాదు. ఫ్లాపులు బయట ఉండగా అంత దూరం ప్రయాణం కట్టిన నిర్ణయాన్ని. పైకి లేచినవానికి ఆ తరువాత ఎక్కడికి పోవలెనో, అందుకు ఎంత ఇంధనం కావలెనో ముందే తెలిసి ఉండాలి. ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి చాలినంత ఇంధనం లేకుండా బయలుదేరరాదన్న నియమం అందుకే ఉన్నది. వెనుకకు తిరిగే దారి ఉన్నవాడే హద్దును గౌరవించగలడు. హద్దును గౌరవించు అని ఒకవైపు చెప్పుతూ రెండవవైపు తిరిగే దారి మూసివేస్తే అది నియమం కాదు, ఉచ్చు. పరీక్షలలో తప్పినవానికి ఇంటి తలుపు మూసే తల్లిదండ్రులు కూడ ఈ వాక్యం ఒకసారి చదువుకొందురు గాక.

ఇంకొక వాదం యంత్రవాదులది. ఉపగ్రహాలు వచ్చినవి, ఇక ఈ అనిశిత పద్ధతులే ఉండవు అంటారు. కొంతవరకు నిజం. మన దేశపు 'గగన్' వ్యవస్థ ఉపగ్రహ సంకేతాలను సరిదిద్ది, నేలమీద ఐ.ఎల్.ఎస్. లేని చిన్న విమానాశ్రయాలలో కూడ దిగే వాలును చూపగలదు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ప్రయాణికుల విమాన సంస్థకు చెందిన ఒక విమానం ఆ విధంగా దిగి చూపింది. సంతోషించదగినదే. అయినా అక్కడా ఒక హద్దు ఉంటుంది, దాని వద్ద ఒకరు పలుకవలెను, ఒకరు వినవలెను. పారిస్‌లో ఆరడుగులకు వచ్చిన విమానం కూడా ఉపగ్రహాల సాయంతో దారి చూచుకొంటున్నదే.

పాలకవర్గానికి నా విన్నపం చాలా చిన్నది. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండూ ఉన్నవి, భౌతికశాస్త్రశాఖ ఉన్నది. ఈ మూడు శాఖల విద్యార్థులను కూర్చోబెట్టి, ప్రాణంతో ముడిపడిన శాస్త్రపదాలకు రెండు భాషలలోను స్పష్టమైన మాటలు ఏర్పరచి ఒక చిన్న పుస్తకంగా అచ్చువేయించ ప్రార్థన. విమానవిద్యయే కానక్కరలేదు, విద్యుత్తు, మందులు, పురుగుమందులు, ఏవైనా సరే. మన మిరపచేలలో మందు కలిపేవానికి లీటరుకు ఎంత, ఎకరానికి ఎంత అన్న తేడా కూడా ఎత్తుకు, ఉన్నతికి ఉన్న తేడా వంటిదే. ఖర్చు వార్షికోత్సవపు పందిరి ఖర్చులో నాలుగవ వంతు కూడ కాదు.

నా వంతుగా మొదటి రెండు మాటలు ఇక్కడే సమర్పిస్తున్నాను. నేలనుండి కొలిచినదానికి 'ఎత్తు', ఉర్దూలో 'ఊంచాయీ'. సముద్రమట్టం నుండి కొలిచినదానికి, త్రిభుజ పాఠంలో మనకు ఇదివరకే పరిచయమైన 'ఉన్నతి'; ఉర్దూలో 'బులందీ'. ఇంతకన్న మంచివి తోచిన విద్యార్థులు తెలుగు శాఖకు వచ్చి చెప్పవలసినదిగా కోరుతున్నాను. నేను తరగతిలో పాఠం చెపుతున్నప్పుడైనా సరే, మధ్యలో లేచి చెప్పవచ్చును.